కొండను వదిలి కథ చెప్పవచ్చా?

ఆదిలాబాదు కొండల్లో గోండుల వంశకథలు పాడే ప్రధానులు చేసే కథాగానం గురించి, ఆ కథలను పట్నంలో తిరిగి చెప్పేవారు పాటించవలసిన పద్ధతి గురించి గత సంచికలో ఈ శీర్షికన రాసిన మాటలకు ఉత్తరాలు చాలా వచ్చాయి. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మా మనవడికి ఆరేళ్ళు, మనవరాలికి తొమ్మిది. పడుకునే ముందు కథ చెప్పనిదే ఒప్పుకోరు. ఏడు చేపల కథ, పేదరాశి పెద్దమ్మ కథలు అన్నీ అయిపోయాయి. మీరు రాసింది చదివాక గోండుల కథ ఒకటి చెప్పాలనిపించింది. దేనితో మొదలుపెట్టమంటారు? అంత పెద్ద కథ పిల్లల తలకెక్కుతుందా?
– ఒక నాయనమ్మ, మల్కాజిగిరి

జవాబు: తలకెక్కదేమోనన్న బెంగ అక్కర్లేదమ్మా. లింగో కథలోని పక్షి ఘట్టంతో మొదలుపెట్టండి. ఆదిలాబాదు గోండులు పహండి కుపార్ లింగల్ అని కొలిచే ఆదిగురువునే నాగపూర్ వైపు లింగో అంటారు. నాగపూర్‌లో మిషనరీగా పనిచేసిన స్టీఫెన్ హిస్లాప్ ఒక ప్రధాన్ నోట ఈ కథ విని రాయించుకున్నాడు. ఆయన పోయిన తరువాత, 1866లో అది అచ్చయింది. మీకు చెబుతున్నది ఆ పాఠాన్ని అనుసరించినదే.

గోండుల తిండితీరు, అల్లరి చూసి విసిగిపోయిన మహాదేవుడు వారిని ఒక కొండగుహలోకి తోలి, గుహ నోటికి పెద్ద బండను అడ్డం పెట్టించాడు. నలుగురు మాత్రం తప్పించుకుని అడవిన పడ్డారు. లింగో ఆ నలుగురినీ చేరదీసి, లోపల మిగిలినవారిని కూడా విడిపించాలని మహాదేవుణ్ణి వేడుకున్నాడు. ఆయన ఊరికే ఒప్పుకోలేదు. సముద్రపు ఒడ్డున బిందో అనే నల్లని మహాపక్షి ఉంది, దాని పిల్లలను తెచ్చి చూపిస్తే విడిచిపెడతానన్నాడు. లింగో నడిచి నడిచి సముద్రం చేరేసరికి తల్లిపక్షి, తండ్రిపక్షి మేతకు పోయి ఉన్నాయి. గూటిలో పిల్లలు మాత్రమే ఉన్నాయి. చెయ్యి చాపితే అందుతాయి, అడ్డుకునేవారు లేరు. కానీ పెద్దవి లేని సమయంలో పిల్లలను ఎత్తుకుపోతే తనకు దొంగ అన్న పేరు వస్తుందని లింగో అక్కడే కూర్చుని ఎదురుచూశాడు. ఇంతలో సముద్రంలోంచి భవర్‌నాగ్ అనే పెద్ద పాము పక్షిపిల్లలను మింగడానికి పైకి వచ్చింది. అంతకు ముందు పుట్టిన పిల్లలను తిన్నదీ అదే. లింగో దాన్ని బాణంతో కొట్టి ఏడు ముక్కలు చేశాడు. పెద్దపక్షులు మేత తెచ్చి నోటికి అందిస్తే పిల్లలు ముట్టుకోలేదు. మమ్మల్ని కాపాడినవాడు ఆకలితో కింద కూర్చుని ఉన్నాడు, ముందు అతనికి పెట్టండి అన్నాయి. సంగతి తెలుసుకున్న పక్షులు తమ పిల్లలతో పాటు లింగోను కూడా రెక్కల మీద ఎక్కించుకుని, ఒకటి మోస్తుంటే మరొకటి పైనుంచి నీడపడుతూ, మహాదేవుడి దగ్గరికి తీసుకువెళ్ళాయి. గుహ తెరుచుకుంది.

చెప్పేటప్పుడు మీరు పాము దగ్గర తొందరపడినా ఫరవాలేదు కానీ, గూటి దగ్గర లింగో ఆగిన చోట మాత్రం తొందరపడకండి. పట్నంలో ఈ కథ చెప్పేవారు చాలామంది ఆ ఘట్టాన్ని ఒక్క మాటలో దాటేసి బాణం మీదికి పోతారు. అప్పుడు లింగో సాహసాల వీరుల్లో ఇంకొకడు అవుతాడు. అతడు ఆగినందువల్లనే పాము వచ్చేవేళకు అక్కడ ఉన్నాడు, అక్కడ ఉన్నందువల్లనే పక్షులు ఇష్టపడి వచ్చాయి. కథ మొత్తం ఆ మేకు మీదే వేలాడుతోంది. అందినదాన్ని ఎందుకు ఎత్తుకుపోలేదని మీ మనవడు అడిగితే వెంటనే జవాబు చెప్పకుండా మనవరాలిని అడగండి.

మన ఇళ్ళలో కథ వినేవారు ఊఁ కొట్టాలి, కొట్టకపోతే చెప్పేవారు ఆపేస్తారు. ఆ ఆచారాన్ని వదలకండి. ఊఁ గట్టిగా వస్తే కథ నడుస్తున్నట్టు, సాగదీసుకుంటూ వస్తే వర్ణన ఎక్కువైనట్టు, రాకపోతే పిల్లవాడు నిద్రపోయినట్టు. ఇంతకు మించిన కొలత కథకులెవరి దగ్గరా లేదు.

ఒక్క సంగతి పిల్లలకు మొదటే చెప్పండి. ఇది నిద్రపుచ్చడానికి అల్లిన కథ కాదు, గోండుల వంశకథ. ఆదిలాబాదులో గోండు వంశాలను కనిపెట్టుకుని తరతరాలుగా ప్రధాన్ కుటుంబాలు ఉంటాయి. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే ప్రధాన్, కమానుతో వాయించే కిక్రిని చేతికి తీసుకుని వంశకథ ఎత్తుకున్నాడంటే గోండి భాషలోనే పాడతాడు. ఆ గానంలో గుహ నుంచి బయటపడినవారు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల కూటములుగా విడిపోతారు. ఒకే కూటమివారు అన్నదమ్ముల వరుస కనుక వారి మధ్య పెళ్ళి కుదరదు. ఎవరు ఎవరికి పిల్లనివ్వాలో తేల్చే కథ ఇది. ఆదిలాబాదు పాఠాల్లో జంగుబాయి తల్లి కూడా ఉంటుంది. కెరమెరి మండలంలో, మహారాష్ట్ర సరిహద్దు కొండల్లో ఆమె కొలువున్న గుహకు గోండులు పుష్యమాసంలో ఇప్పటికీ వెళతారు. మీ పిల్లలు పటంలో ఆ చోటు వెతికి పట్టుకుంటే మరునాడు రెండోసారి అదే కథ అడుగుతారు.

ప్రశ్న: ఉత్తరాఖండ్‌లో ట్రెకింగ్‌కు వెళ్ళినప్పుడు మా గైడు రూప్‌కుండ్ ఎముకల సరస్సు కథ చెప్పాడు. నందాదేవికి కోపం వచ్చి ఒక రాజును, పరివారాన్ని ఇనుప గుండ్లవంటి వడగళ్ళతో చంపించిందట. ఇది మావంటి పర్యాటకుల కోసం అల్లిందా, నిజంగా పాతదా? పాతదైతే నిజమేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: మీ గైడు అల్లింది కాదు. గఢ్వాల్, కుమావూఁ కొండల్లో నంద అందరింటి ఆడపడుచు. సుమారు 12 ఏళ్ళకొకసారి జరిగే నందాదేవి రాజ్ జాత్ యాత్రలో ఆమెను పుట్టింటి నుంచి కైలాసంలోని అత్తింటికి సాగనంపుతారు. నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడుస్తుంది. అప్పగింతల పాటలు విని కళ్ళు తుడుచుకున్న తెలుగువారెవరికీ ఆ పాటల అర్థం వేరుగా చెప్పనక్కర్లేదు. కనౌజ్ రాజు జసధవళుడు గర్భవతియైన రాణిని, నర్తకీమణులను వెంటబెట్టుకుని ఈ యాత్రకు వచ్చి కొండ మర్యాదను మంటగలిపాడని, అందుకే నంద వడగళ్ళు కురిపించిందని కథ.

రెండో ప్రశ్నకు జవాబులో సగం మన హైదరాబాదులోనే ఉంది. దాదాపు 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సరస్సు ఒడ్డున ఎముకలు ఉన్నాయని 1942లో ఒక అటవీ అధికారి బయటపెట్టాడు. కొన్ని పుర్రెల మీద పైనుంచి గుండ్రటి వస్తువు పడినట్టు దెబ్బలు కనిపించాయి కనుక వడగళ్ళ కథకు బలం వచ్చింది. ఆ తరువాత హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు ఇతర దేశాలవారితో కలిసి 38 మంది ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. అందులో 23 మంది దక్షిణాసియా సంతతివారు, సుమారు సా.శ. 800 ప్రాంతపువారు. వారు కూడా ఒక్కసారే చనిపోయినట్టు లేదు. మరో 14 మంది మూలాలు తూర్పు మధ్యధరా ప్రాంతానివి, వారు చనిపోయింది సుమారు 1800లో. ఒక్కరి మూలాలు ఆగ్నేయాసియావి. అంటే ఒక రాజు, ఒక పరివారం, ఒక రాత్రి అన్న లెక్క నిలవదు. కొండ మీద వడగళ్ళు ప్రాణాలు తీస్తాయన్న ముక్క మాత్రం నిలుస్తుంది. యాత్రకు బయలుదేరేవారికి కథ చేరవేయవలసిన కబురు అదే కనుక, నా దృష్టిలో కథ తన పని సక్రమంగానే చేసింది.

కొండవారు చూసినదాన్నిబట్టి ఊహించి కథ కట్టడమూ ఉంది. కశ్మీరు లోయ ఒకప్పుడు సతీసరమనే సరస్సని, కశ్యపుడు నీటిని బయటికి పంపించాడని అక్కడి కథ. కాఠ్మాండూ లోయ కూడా సరస్సేనని, మంజుశ్రీ కత్తితో చోభార్ దగ్గర కొండను నరికి నీరు వదిలాడని నేపాల్ కథ. రెండు లోయల్లోనూ పాత సరస్సుల అడుగుమట్టి ఉందని భూగర్భ శాస్త్రం చెబుతోంది. ఆ సరస్సులను కళ్ళారా చూసిన మనుషులు కథలో మిగిలారని అనుకోవడం కన్నా, పొలం దున్నుతూ ఆ మట్టిని చూసినవారు తెలివిగా వెనక్కి లెక్కగట్టారని అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటుంది. మనవడు బడిలో నేర్చుకున్న జాక్ కథలు ఫోనులో నాకు చెబుతున్నాడు. చిక్కుడు తీగ ఎక్కే జాక్ ఇంగ్లండు వాడు కదా, అక్కడి కొండల కథ ఎలా అయ్యాడు?
– విశ్రాంత ఉద్యోగి, వనస్థలిపురం

జవాబు: వలస వెళ్ళినవారి మూటల్లో వెళ్ళాడు. అపలాచియన్ కొండల్లో స్థిరపడిన కుటుంబాలు ఆ కథలను తరతరాలుగా చెప్పుకుంటూ వాటిని తమ కొండకు సరిపడేలా మార్చుకున్నాయి. ఆ కథల్లో రాజు కోటలో ఉండడు. కాస్త కలిగిన పొరుగు రైతులాగా వసారాలో కూర్చుని, పని వెతుక్కుంటూ వచ్చిన జాక్‌తో బేరమాడతాడు. మన పల్లె కథల్లో రాజుగారి భార్య చాటలో బియ్యం చెరుగుతూ కనిపించడం మీకు తెలిసిందే.

బీచ్ మౌంటెన్‌కు చెందిన రే హిక్స్ (1922–2003) ఈ కథలు చెప్పడంలో పేరు పొందినవాడు. టెనెసీ రాష్ట్రంలోని జోన్స్‌బరోలో 1973లో మొదలైన జాతీయ కథకుల ఉత్సవంలో మొదటి ఏడాది నుంచీ ఆయన కథ చెప్పాడు. 1983లో అమెరికా ప్రభుత్వం ఆయనకు జాతీయ వారసత్వ గౌరవం ఇచ్చింది. ఆ కొండ కుటుంబాల కథలనే రిచర్డ్ చేజ్ అనే సేకర్త 1943లో పుస్తకంగా తెచ్చాడు. పుస్తకం ఊరూరా చేరింది. అయితే నలుగురు చెప్పిన పాఠాలను కలిపి, తనకు నచ్చినట్టు చక్కదిద్ది ఒక్క పాఠంగా అచ్చువేశాడని తరువాతి జానపద పరిశోధకులు ఆయనను తప్పుపట్టారు. నేనూ తప్పే అంటాను. తిరిగి చెప్పేవాడు మార్చకుండా ఉండలేడు, అది నేరమూ కాదు. నాలుగు నోళ్ళను ఒక నోరుగా చూపించడం వేరే సంగతి. మీ మనవడు ఏ కథను ఎవరి దగ్గర విన్నాడో కూడా చెప్పమనండి. మీరు చెప్పే కథలకు మీరూ ఆ మర్యాద పాటించండి.

ప్రశ్న: ఏడో తరగతిలో శాతవాహనుల పాఠం చెప్పేటప్పుడు గుణాఢ్యుడి కథ చెబుదామనుకున్నాను. నెత్తుటితో కథ రాయడం, దాన్ని మంటల్లో వేయడం పిల్లలకు ఎందుకని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. ఆ భాగాలు తీసేసి చెప్పవచ్చా?
– ఉపాధ్యాయురాలు, ఉప్పల్

జవాబు: ఆ రెండూ తీసేస్తే మీకు మిగిలేది ఒక రాజు, ఒక పుస్తకం. తీయకండి. పందెంలో ఓడి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడింటినీ వదులుకున్న గుణాఢ్యుడు వింధ్యాటవికి వెళ్ళి, కాణభూతి అనే పిశాచం నోట పైశాచీ భాషలో కథ విని, అడవిలో సిరా దొరకక తన నెత్తుటితో 7 లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. నెత్తుటి మాట ఒక్క వాక్యంలో అయిపోతుంది. పిల్లలు దాన్ని మనకన్నా తేలిగ్గా తీసుకుంటారు.

మీరు నిలబడి చెప్పవలసింది తరువాతి ఘట్టం. భాష పిశాచాలది, సిరా నెత్తురు అని ఈసడించి శాతవాహన రాజు గ్రంథాన్ని తిప్పి పంపాడు. గుణాఢ్యుడు ఊరి బయట కొండ మీద గుండం రాజేసి, ఒక్కో ఆకును పైకి చదివి మంటలో వేయసాగాడు. అడవి జంతువులు మేత మాని చుట్టూ చేరి, కన్నీరు కారుస్తూ వింటున్నాయి. ఇటు కోటలో రాజుకు జబ్బు చేసింది. ఎండిపోయిన మాంసం తినడం వల్లనని వైద్యులు తేల్చారు. వంటవారిని నిలదీస్తే వేటగాళ్ళ మీద పెట్టారు. వేటగాళ్ళను నిలదీస్తే, కొండ మీద ఎవరో బ్రాహ్మణుడు కథ చదువుతుంటే జంతువులన్నీ గడ్డి మానేసి ఎండిపోతున్నాయని చెప్పారు. రాజు పరుగున వెళ్ళేసరికి 6 లక్షల శ్లోకాలు బూడిదయ్యాయి, నరవాహనదత్తుడి కథ ఉన్న లక్ష మిగిలింది. సభలో రాజు విననిది వంటింటి గుండా వచ్చి ఆయన కడుపును పట్టుకుంది. వైద్యుడు, వంటవాడు, వేటగాడు ఒకరి మీద ఒకరు నెట్టుకునే ఆ వరుసను ముగ్గురు పిల్లల చేత ఆడించండి, తరగతి మీ చేతిలో ఉంటుంది.

అన్నట్టు, 11వ శతాబ్దంలో కథాసరిత్సాగరం రాసిన సోమదేవుడు ఈ కథను తిరిగి చెప్పింది కశ్మీరులో కూర్చుని. మన గోదావరి ఒడ్డు ప్రతిష్ఠానపురం కథ హిమాలయాల దాకా ఎలా నడిచిందో మీ పిల్లలకు పటం మీద చూపించదగ్గది.

ప్రశ్న: సమ్మక్క కథ ఒక్కో పుస్తకంలో ఒక్కో విధంగా ఉంది. పరీక్షలో ఏది రాయాలి? అసలైన పాఠం ఏది?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: పరీక్షలో మీ సిలబస్ పుస్తకంలో ఉన్నదే రాయండి. మార్కులు పోగొట్టుకుని జానపద విజ్ఞానాన్ని ఉద్ధరించనక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న. అడవిలో పులుల మధ్య దొరికిన పసిపాపను కోయలు పెంచుకోవడం, పగిడిద్దరాజుతో పెళ్ళి, కరువులో కాకతీయులకు కప్పం కట్టలేకపోవడం, యుద్ధం, సంపెంగ వాగులో ఆమె కొడుకు జంపన్న బలి, వెన్నుపోటు పడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోవడం, అక్కడ కుంకుమ భరిణ దొరకడం అందరూ చెప్పే వరుస. దీనికి అటూ ఇటూ ఉన్నవి మారుతుంటాయి. ఎందుకు మారుతాయో తెలియాలంటే ఎవరు చెబుతున్నారో చూడాలి. కోయల్లో కథ పాడే బాధ్యత డోలివారిది. వంశానికొక బొమ్మల జెండా ఉంటుంది, దాన్ని పడిగె అంటారు. డోలు వాయిస్తూ, పడిగె మీది బొమ్మలను అనుసరిస్తూ ఆ వంశపు వేల్పు కథ పాడతారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ గానానికే. ఒక వంశం కోసం పాడేటప్పుడు ఆ వంశపు వేల్పే ముందుకు వస్తాడు. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి మేడారం గద్దెకు చేరినట్టుగానే కథలు కూడా వేరువేరు ఊళ్ళ నుంచి వచ్చి కలుస్తాయి. వీటిలో ఒకటి అసలు, మిగతావి నకలు అని తేల్చే హక్కు చరిత్రకారుడికి యుద్ధం విషయంలో ఉండవచ్చు కానీ కథ విషయంలో లేదు.

జాతర సమయంలో అచ్చయి వచ్చే పలుచని పుస్తకాల్లో కోయ వేల్పులందరినీ పురాణ దేవతల అవతారాలుగా చేసే అలవాటు ఒకటి ఉంది. విగ్రహమే లేని తల్లికి నాలుగు చేతులు తగిలించే ఆ ముఖచిత్రాలతో నాకు పేచీ ఉంది.

ప్రశ్న: కొండకథల కోసం ఆదిలాబాదు, హిమాలయాలు పోవలసిందేనా? మన నగరంలో ఇన్ని గుట్టలున్నాయి, వాటికి కథలు లేవా?
– పాఠకుడు, మౌలాలి

జవాబు: కథల గుట్ట కిందే ఇల్లు కట్టుకుని అడుగుతున్నారు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో యాకూత్ అనే కొలువు ఉద్యోగి కలలో పచ్చని బట్టలు తొడిగిన వ్యక్తి కనిపించి, ప్రవక్త మహమ్మద్ అల్లుడు అలీ పిలుస్తున్నాడని అతణ్ణి మీ మౌలాలి కొండ మీదికి తీసుకుపోయాడు. అక్కడ అలీ ఒక బండ మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉన్నాడు. తెల్లవారి యాకూత్ కొండ ఎక్కి చూస్తే బండ మీద అరచేతి గుర్తు ఉంది. ఏటా రజబ్ నెల 17న మీ వీధులన్నీ నిండిపోయేది ఈ కల తరువాతి ఉదయం కోసమే. మతం తేడా లేకుండా మెట్లెక్కే జనంలో ఎవరినైనా ఆపి అడగండి, ఈ కథకు ఇంకో రెండు పాఠాలు దొరుకుతాయి.

గోల్కొండకు గొర్రెలకాపరి కథ ఉంది. కాపరికి గుట్ట మీద దేవతామూర్తి దొరికితే కాకతీయ రాజు అక్కడ మట్టికోట కట్టించాడని చెబుతారు. ఆషాఢంలో నగరానికి తొలి బోనం ఆ కొండ మీది జగదాంబకే ఎత్తుతారు. కొండ మీద వేల్పును మొదట చూసేది రాజు కాదు, పశువుల వెంట తిరిగేవాడే. బొర్రా గుహల్లో ఆవు వెంట దిగిన కాపరి, తిరుమలలో పుట్ట మీద పాలు కార్చిన ఆవు, ఒగ్గువారి మల్లన్న కథలో పుట్ట పగిలి గొర్రెలు బయటికి వచ్చే ఘట్టం, అన్నిటిదీ ఇదే దారి. రోజూ కొండ మీద తిరిగేవాడు గనుక దాని మీది కొత్త వింత ముందు అతని కంటే పడుతుంది.

నగరంలో సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు గుట్టలను అపార్ట్‌మెంట్ల కోసం పేల్చేస్తున్నాము. పేరున్న దేవుడు, దర్గా ఉన్న గుట్టలు బతికాయి. కథ లేనివి కంకరగా మారిపోతున్నాయి.

ప్రశ్న: హైదరాబాదులో ఉండి ఈ కథల గురించి తెలుసుకోవడానికి ఎక్కడికి వెళ్ళాలి?
– ఎంఏ విద్యార్థిని, తార్నాక

జవాబు: మాసబ్ ట్యాంక్‌లోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియానికి ముందు వెళ్ళండి. గోండులు, కోయలు, చెంచులు వాడే వస్తువులు అక్కడ చూశాక కథలోని వస్తువు కళ్ళకు కడుతుంది. అచ్చు పుస్తకాలకు అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. పరిశోధన ఉద్దేశం ఉంటే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లో ఉంది. వినడానికి మాత్రం బయలుదేరక తప్పదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర, కనుమ నుంచి నెల దాటి సాగే అహోబిలం పారువేట (నరసింహుడి వేట ఉత్సవం), రెండేళ్ళకొకసారి మాఘమాసంలో మేడారం. అహోబిలం నరసింహుణ్ణి చెంచులు దేవుడిగా కన్నా ఇంటి అల్లుడిగా ఎంత చనువుగా మాట్లాడతారో పల్లకి వెంట నడిస్తేనే తెలుస్తుంది.

ప్రశ్న: నాకు కథల యూట్యూబ్ ఛానెల్ ఉంది. ప్రధానుల దగ్గర, ఒగ్గువారి దగ్గర కథలు రికార్డు చేసి, వాటిని నా గొంతుతో చిన్నవి చేసి చెప్పాలనుకుంటున్నాను. ఇది తప్పా? వారికి ఎంత ఇవ్వాలి?
– కథకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చిన్నవి చేయడం తప్పు కాదు. రాత్రంతా సాగే కథను పది నిమిషాల్లో చెప్పడానికి మీరు ఎంచుకునే ముక్క ఏదన్నదే చూసుకోవాలి. ఒగ్గు కథకుడు మల్లన్న పెళ్ళి చెప్పేముందు పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో పట్నం అనే ముగ్గు వేస్తాడు. ఆ పట్నం ఉన్నప్పుడు చెప్పే భాగాలు, వేదిక మీద చెప్పే భాగాలు వేరు. చుక్క సత్తయ్య వంటి పెద్ద కథకులు ఒగ్గును సభావేదికల మీదికి తెచ్చినప్పుడు ఆ తేడా తెలిసే తెచ్చారు. కనుక ఏ భాగాన్ని బయట చెప్పవచ్చో, ఏది కూడదో కథకుణ్ణే అడగండి. చిలుకలగుట్ట మీద వడ్డెలు (కోయ పూజారులు) చేసే పూజను బయటివారు చూడకూడదు. దాన్ని దొంగచాటుగా తీయాలని ఫోను పట్టుకుని ఎక్కేవారు ప్రతి జాతరలోనూ ఉంటారు. మీరు వారిలో చేరకండి. లింగో గూటి దగ్గర ఆగిన కథ పైనే ఉంది, మళ్ళీ చెప్పను.

కథకుడి పేరు, ఊరు, ఏ వంశానికి పాడుతున్నాడో వీడియో మొదట్లో మీ నోటితో చెప్పండి. కింద ఎవరూ చదవని వివరణలో పెట్టి చేతులు దులుపుకోవద్దు. మీరు మార్చిన చోట మార్చానని చెప్పండి. రికార్డు చేసిన పూర్తి పాఠం ప్రతి ఒకటి ఆయన కుటుంబానికి ఇవ్వండి, పిల్లలు నేర్చుకోవడానికి పనికివస్తుంది.

ఇక డబ్బు మాట. గోండు కుటుంబాల్లో శుభాశుభాలకు పాడిన ప్రధాన్‌కు కానుకలు ఇచ్చే ఆచారం ఉంది, అది ఆయన హక్కు. మీరు ఆ వంశంవారు కారు కనుక ఆ లెక్క మీకు వర్తించదు. బయలుదేరకముందే ఫోనులో మాట్లాడి మొత్తం ఖాయం చేసుకోండి. ముఖ్య కథకుడితో పాటు వంత పాడేవారు, డోలు, తాళాలు వాయించేవారు కూడా ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తారు కనుక ఒక్కరికి కాక మేళం అందరికీ కలిపి అడగండి. దారి ఖర్చులు, భోజనం వేరుగా చూసుకోండి. ఛానెల్ మీద రాబడి వస్తే అందులో వారి వాటా ఎంతన్నది కాగితం మీద తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. కాగితం వద్దు, మాట చాలని వారంటే, అప్పుడు ఇంకా తప్పకుండా రాయండి.